యోసేపును మరచిన రాజు: రంగూను వలస చరిత్ర కాపరులకు నేర్పే పాఠాలు

1. పరిచయం

2017 సెప్టెంబరులో మయన్మార్ నుండి రోహింగ్యా ప్రజలు లక్షల సంఖ్యలో బంగ్లాదేశ్‌కు పారిపోతున్న రోజులవి. ఉత్తరాంధ్ర తీరంలోని ఒక చిన్న సంఘంలో నేను శరణార్థుల కొరకు ప్రార్థన చేయించి, మంచి సమరయుని ఉపమానం మీద ప్రసంగించాను. దిక్కులేనివారిపై జాలి చూపాలని బోధించాను. ఆరాధన ముగిశాక అరవై దాటిన ఒక సహోదరి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మేమూ అలా వచ్చినవాళ్ళమేనండి. నా పదో ఏట రంగూనులో ఓడెక్కించారు. అక్కడ మమ్మల్ని 'కలా' అనేవారు. ఇక్కడికొచ్చాక 'బర్మావోళ్ళు' అన్నారు. మాది ఏ దేశమో మాకే తెలీలేదు" అన్నారు. ఆమె పదిహేనేళ్ళుగా మా సంఘ సభ్యురాలు. ఆ సంగతి నేనెన్నడూ అడగలేదు.

ఆ రోజు నా ప్రసంగంలో జాలి ఉంది కాని చరిత్ర లేదు. దారిలో పడివున్నవానిని చూపించాను. అతడు ఆ దారిలోకి ఎలా వచ్చాడో చెప్పలేదు. శరణార్థి సరిహద్దు దాటిన రోజున మాత్రమే మన కంటబడతాడు. అతన్ని అక్కడికి చేర్చిన కారణాలు మాత్రం రెండు మూడు తరాల వెనుక మొదలై ఉంటాయి. వలసపాలన, కూలీల వలస, శరణార్థుల పరుగు వేర్వేరు విషయాలుగా మనకు కనబడినా, చాలా చోట్ల అవి ఒకే చరిత్రలోని మూడు అధ్యాయాలు. ఈ సంగతిని తెలుగువారికి బాగా దగ్గరదైన బర్మా చరిత్ర ద్వారా వివరించి, పరిశుద్ధ గ్రంథపు వెలుగులో దానిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన భాషలో 'వలస' అనే ఒక్క మాటనే రెండు చోట్ల వాడుతున్నాం. పరాయి దేశాన్ని ఆక్రమించి ఏలడం వలసపాలన. పొట్టకూటికి ఊరు విడిచి పోవడం కూడా వలసే. ఏలడానికి వెళ్ళినవాడూ, మూటలు మోయడానికి వెళ్ళినవాడూ ఒకే ఓడలో ప్రయాణం చేసిన కాలం ఒకటుంది. అయితే వారిద్దరూ ఒకే రీతిగా తిరిగి రాలేదు.

2. సామ్రాజ్యానికి కూలీలు ఎందుకు కావలసి వచ్చారు

ఆంగ్లేయులు మూడు యుద్ధాలలో బర్మాను ఆక్రమించారు. 1824-26 యుద్ధంలో అరకాన్, తెనాసరిం తీరాలు, 1852లో రంగూనుతో సహా దిగువ బర్మా, 1885లో మాండలే రాజధానిగా గల మిగిలిన రాజ్యం వారి వశమయ్యాయి. మొదటి యుద్ధంలో పోరాడిన బలగాలలో మద్రాసు సైన్యపు రెజిమెంట్లు ప్రధానమైనవి. అంటే బర్మీయులు తమ దేశంలో తుపాకి పట్టుకున్న భారతీయుణ్ణి ముందు చూశారు. మూటలు మోసే భారతీయుడు ఆ తరువాత వచ్చాడు. ఈ వరుస గుర్తుంచుకోవలసినది.

దిగువ బర్మాలోని ఐరావతి డెల్టా అప్పటికి చాలావరకు అడవి, చిత్తడి నేల. 1869లో సూయజ్ కాలువ తెరచుకున్న తరువాత యూరపు మార్కెట్లు దగ్గరయ్యాయి. బియ్యం ఎగుమతికి గిరాకీ పెరిగింది. బర్మా రైతులు అడవి నరికి డెల్టాను సాగులోకి తెచ్చారు. ఆ ధాన్యాన్ని మరపట్టడానికి రంగూనులో మిల్లులు, ఎగుమతి చేయడానికి రేవులు, తరలించడానికి రైలు మార్గాలు వచ్చాయి. వీటన్నిటికీ చౌకగా దొరికే కూలీలు కావాలి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కనుక బంగాళాఖాతం దాటడానికి పాస్‌పోర్టు అవసరం లేదు. స్టీమరులో డెక్కు టికెట్టు ఉంటే చాలు.

ఆ టికెట్టు కొన్నవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదుగా వారు రంగూను చేరారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరికీ 'కొరంగీలు' అన్న పేరు స్థిరపడిపోయింది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దలు రంగూనును 'రంగం' అనేవారు.

వారిని కదిలించినది కేవలం డబ్బు ఆశ కాదు. 1866లో గంజాంను, 1876-78లో మద్రాసు రాష్ట్రంలో విస్తార ప్రాంతాలను కరవు పీడించింది. జమీందారీ శిస్తులు, షావుకారు అప్పులు, వాన మీద ఆధారపడ్డ మెట్ట పొలాలు, కులం పేరిట భూమి దక్కని బతుకులు వారిని రేవుకు నడిపించాయి. అక్కడ మేస్త్రీ ఉండేవాడు. టికెట్టుకు, ఇంటి ఖర్చుకు బయానా ఇచ్చి కూలీని తన జట్టులో చేర్చుకునేవాడు. ఆ బాకీ తీరేవరకు కూలిలో కోత పడుతూనే ఉండేది. చట్టం దృష్టిలో కూలీ స్వేచ్ఛాపరుడు, బాకీ దృష్టిలో కాడు. 1920ల చివరి ఏళ్ళలో భారతదేశం నుండి బర్మాకు ఏటా మూడు లక్షల మందికి మించి వెళ్ళారు. వారిలో అధికులు రెండు మూడేళ్ళు పనిచేసి తిరిగి వచ్చేవారు. మళ్ళీ కొత్తవారు వెళ్ళేవారు.

ఈ వలస వెంట సువార్త పరిచర్య కూడా నడిచింది. చీకాకోలులో, అంటే నేటి శ్రీకాకుళంలో, పరిచర్య చేసిన కెనడా బాప్తిస్టు మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తరువాత బర్మాకు వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ ప్రజల మధ్య పనిచేశారు. ఈ సంగతి మన సంఘ చరిత్రలో ఒక వాక్యంతో ముగిసిపోతున్నది. నిజానికి ఉత్తర కోస్తా సంఘాల చరిత్రలో సగం సముద్రానికి అవతలి ఒడ్డున జరిగింది.

3. పాలకునిపై కోపం పొరుగువానిపైకి మళ్ళిన తీరు

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. దేశ జనాభాలో వారు సుమారు ఏడు శాతం. రంగూను నగరంలో మాత్రం సగానికి మించి ఉన్నారు. బర్మీయుని స్థానంలో నిలబడి చూడండి. తన రాజధానిలో తాను అల్పసంఖ్యాకుడు. పోలీసు, గుమాస్తా, అప్పు ఇచ్చేవాడు, రేవు కూలీ అందరూ సముద్రం అవతలివారే. వీరందరిపైన ఆంగ్లేయుడు ఉన్నాడు కాని, అతడు బజారులో రోజూ ఎదురుపడడు.

1930లో ఈ అసంతృప్తి రక్తపాతంగా మారింది. ఆ మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకు ఆగకుండా యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు. కొద్దిరోజులకు రాజీ కుదిరి తెలుగు కూలీలు తిరిగి రాగానే, బర్మా కూలీలను పంపివేశారు. మే 26న రేవులో మొదలైన ఘర్షణ నగరమంతా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో అధికులు తెలుగు కూలీలే. ఇక్కడ ఆగి ఆలోచించాలి. రెండు పక్షాలవారూ బీదలే. ఇద్దరికీ కావలసినది ఒకే పని. ఒకరిని రప్పించి, మరొకరిని వెళ్ళగొట్టి లాభపడిన వారి మీద ఒక్క దెబ్బా పడలేదు.

అదే సమయంలో ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్ల బియ్యం ధర పడిపోయింది. అప్పులు తీర్చలేని బర్మా రైతుల పొలాలు చెట్టియార్ల వశమయ్యాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో 1930లో సుమారు ఆరు శాతం భూమి వారి చేతిలో ఉండగా, 1937 నాటికి అది నాలుగోవంతుకు చేరింది. వారు భూమి కోసం కాక వడ్డీ కోసం వచ్చినవారు. అయినా సొంత పొలంలో కౌలుదారుగా మిగిలిన రైతుకు ఆ తేడా ఏమి ఓదార్పు? 'భారతీయుడు' అన్న ఒక్క పేరు కింద చెట్టియారూ, కొరంగీ కూలీ ఒకటైపోయారు. వడ్డీ తిన్నవాని మీది కోపానికి, మూట మోసినవాడు కూడా మూల్యం చెల్లించాడు.

4. గీత గీశాక: 1937 నుండి 1942 వరకు

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుండి విడదీశారు. అంతవరకు ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి వెళ్ళిన కూలీ, ఇల్లు కదలకుండానే విదేశీయుడయ్యాడు. అతడు సరిహద్దు దాటలేదు, సరిహద్దే అతన్ని దాటింది. 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు వలసలను అదుపు చేసే ఒప్పందానికి వచ్చాయి. అది అమలు కాకముందే యుద్ధం ముంచుకొచ్చింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. రెండు రోజులకే, క్రిస్మస్ నాడు, మళ్ళీ వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాను సైన్యం వశమైంది. ఓడలో చోటు దొరికినవారు సముద్రం మీదుగా వెళ్ళారు. దొరకనివారు కాలినడక పట్టారు. కొందరు కొండలు దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగుకు, కొందరు తము మీదుగా ఇంఫాలుకు, కొందరు హుకాంగ్ లోయ మీదుగా అస్సాములోని లెడోకు నడిచారు. నడిచినవారు నాలుగు లక్షలకు మించినవారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, వానాకాలపు బురద వారిలో ఎందరినో బలిగొన్నాయి. మృతుల సంఖ్యను కొందరు పదివేలుగా, మరికొందరు యాభైవేలుగా, ఇంకా ఎక్కువగా కూడా చెబుతారు. ఇంత తేడా ఎందుకు వచ్చింది? వారిని లెక్కపెట్టినవారు లేరు. ఓడ ఎక్కేటప్పుడు కూలీల తలలు లెక్కించిన సామ్రాజ్యం, వారు అడవిలో పడిపోతున్నప్పుడు లెక్కించలేదు. దారిలోనూ యూరోపియన్లకు దొరికిన వసతులు భారతీయులకు దొరకలేదన్న ఫిర్యాదులు అప్పుడే పెద్ద ఎత్తున వచ్చాయి.

5. స్వాతంత్ర్యం తరువాత: ఒక సంవత్సరం నిర్ణయించిన పౌరసత్వం

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. మిగిలిన భారతీయులలో చాలామందికి పౌరసత్వపు కాగితాలు లేవు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక ప్రభుత్వాన్ని స్థాపించాడు. దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశారు. 1964 మే నెలలో యాభై, వంద చాట్ నోట్లను రద్దు చేశారు. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలో లక్షన్నరకు మించి భారతీయులు తిరుగు ఓడలు ఎక్కారు. వెంట తెచ్చుకోనిచ్చిన డబ్బు, నగలు అతి స్వల్పం. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు నేటికీ ఆ పేరుతోనే ఉంది. నాతో మాట్లాడిన సహోదరి ఆ ఓడలలో ఒకదానిలో వచ్చిన బిడ్డ.

1982లో మయన్మార్ పౌరసత్వ చట్టం ఒక సంవత్సరాన్ని కొలతగా పెట్టింది. 1823కు పూర్వం ఆ దేశంలో స్థిరపడిన జాతులవారే జన్మతః పౌరులని నిర్ణయించింది. 1823 ఎందుకు? మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం 1824లో మొదలైంది కనుక. తెల్లదొరతో వచ్చినవారెవరూ తనవారు కారన్నది ఆ గీత అర్థం. అరకాన్‌లో ఆంగ్లేయుల రాకకు ముందు నుండీ ముస్లిములు ఉన్నారు. 1799లోనే ఫ్రాన్సిస్ బుకానన్ అక్కడివారు తమను తాము పిలుచుకున్న 'రూఇంగా' అన్న పేరును నమోదు చేశాడు. వలసపాలన కాలంలో చిట్టగాంగు ప్రాంతం నుండి కూలీలు పెద్ద సంఖ్యలో వచ్చిన మాటా నిజమే. రెండు నిజాలలో ఒకదానిని మాత్రమే పట్టుకున్న రాజ్యం అందరినీ పరాయివారిని చేసింది. 1978లో సుమారు రెండు లక్షలు, 1991-92లో సుమారు రెండున్నర లక్షలు, 2017లో ఏడు లక్షలకు మించి రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వారిలో కొన్ని వేలమంది మన హైదరాబాదులోని బాలాపూర్ ప్రాంతానికి చేరారు. కొరంగీ కూలీని వెళ్ళగొట్టిన తర్కమూ, రోహింగ్యాను వెళ్ళగొట్టిన తర్కమూ ఒక్కటే. అందుకే వారి కథ మనకు పరాయి కథ కాదు.

6. పరిశుద్ధ గ్రంథపు వెలుగులో

నిర్గమకాండము 1:8ని మనం తరచుగా ప్రసంగిస్తాం. యోసేపు ఎవరో తెలియని రాజు సింహాసనం ఎక్కాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తును ఆక్రమించినవారు కారు. కరవు కాలంలో రాజు పిలుపు మీద వచ్చి, అతడిచ్చిన గోషెనులో కాపురమున్నవారు. ఈ చరిత్ర మరుగైన రోజునే అతిథి అపాయకరమైనవాడుగా కనబడ్డాడు. యుద్ధం వస్తే వీరు శత్రువుతో చేతులు కలుపుతారన్న భయం కూడా అక్కడే పుట్టింది (1:10). వెట్టిచాకిరి, శిశుహత్య ఆ తరువాత వచ్చాయి. హింసకు ముందు మరుపు వచ్చిందని గమనించాలి.

అయితే మనం అంతగా ప్రసంగించని భాగం ఒకటుంది. ఆదికాండము 47:13-26లో యోసేపు కరవును ఆధారం చేసుకొని ఐగుప్తీయుల రూకలను, పశువులను, చివరకు భూములను ఫరోకు సంపాదించిపెట్టాడు. ప్రజలు ఫరోకు దాసులయ్యారు. వెంటనే 27వ వచనం, ఇశ్రాయేలీయులు గోషెనులో ఆస్తి సంపాదించి విస్తరించారని చెబుతుంది. భూమి పోయిన ఐగుప్తు రైతు ఏమనుకున్నాడో గ్రంథం చెప్పదు. కాని ఐరావతి డెల్టాలో భూమి పోయిన రైతు కథ తెలిసిన మనం ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చదవకుండా ఉండలేం. సింహాసనానికి లాభం చేకూర్చిన పరదేశి ఒకడైతే, మరో తరంలో ఇటుకలు మోసినవారు అతని బంధువులు. దీనివలన ఫరో దౌర్జన్యం ఎంతమాత్రమూ న్యాయమైపోదు. చరిత్ర ఎంత చిక్కుపడి ఉంటుందో మాత్రం తెలుస్తుంది.

ధర్మశాస్త్రం ఈ చిక్కును దాచలేదు. పరదేశిని సూచించే హెబ్రీ పదం 'గేర్'. తన బంధువర్గం, స్వంత భూమి లేకుండా ఇతరుల మధ్య నివసించేవాడని దాని భావం. లేవీయకాండము 19:34 అట్టివానిని నీవలె ప్రేమించమని ఆజ్ఞాపించి, కారణంగా ఒక చరిత్రను చూపుతుంది: మీరూ ఐగుప్తులో అట్టివారే. ద్వితీయోపదేశకాండము 26:5-10లో ప్రథమ ఫలాలు తెచ్చిన రైతు, తన పితరుడు తిరుగాడే పరదేశి అని ఒప్పుకొంటూ ఆరాధన చేయాలి. భూమి దొరికినవాడు, భూమి లేని రోజులను దేవుని యెదుట చదివి వినిపించాలి. ఇక ద్వితీయోపదేశకాండము 23:7 మరింత కష్టమైన ఆజ్ఞ. ఐగుప్తీయుని అసహ్యించుకోకూడదు, ఎందుకంటే అతని దేశంలో నీవు ఆశ్రయం పొందావు. పెట్టిన వెట్టిని మరువవద్దు, ఇచ్చిన అన్నాన్నీ మరువవద్దు. దేవుడు తన ప్రజలకు నేర్పిన చరిత్ర ఇది. ఒక పక్షం గాయాలను మాత్రమే లెక్కించే జ్ఞాపకం దీనికి సరిపోదు.

7. చరిత్ర ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

చరిత్ర మనకు మూడు ప్రశ్నలు నేర్పుతుంది. వీరిని ఎవరు, ఎందుకు రప్పించారు? ఆ రాకవలన ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు? ఏ రోజున, ఎవరు గీసిన గీత వల్ల వీరు పరాయివారయ్యారు? ఈ ప్రశ్నలు వేస్తే, 'వీళ్ళు మన మీద పడి తినడానికి వచ్చారు' అన్న మాట అంత సులువుగా నోట రాదు. అలాగే 'అక్కడివారందరూ క్రూరులు' అన్న మాటా రాదు.

చరిత్ర చేయలేనిదీ ఉంది. కారణం చెప్పినంత మాత్రాన నేరం క్షమించబడదు. 1930లో భూమి పోయిన రైతు బాధ నిజమే, కాని ఆ బాధ రంగూను వీధిలో కూలీ హత్యను నీతిగా మార్చదు. వలసపాలన చేసిన గాయం నిజమే, కాని 2017లో గ్రామాలు కాల్చిన సైనికుడు తన చేతికి తానే ఉత్తరవాది. చరిత్ర పాపానికి నేపథ్యాన్ని వివరిస్తుంది. పాపాన్ని పాపమని పిలిచే పని దేవుని వాక్యానిది.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం మళ్ళీ అధికారాన్ని చేజిక్కించుకున్నాక చిన్ ప్రజలు వేల సంఖ్యలో మిజోరాముకు వచ్చారు. చిన్‌లు, మిజోలు బంధుజాతులవారు. వారి మధ్య సరిహద్దు ఆంగ్ల పాలనలో ఏర్పడినది. మిజోరాము సంఘాలు, ప్రజలు వారిని ఆదరించారు. తమది ఒకే కుటుంబమన్న జ్ఞాపకం అక్కడ చెరిగిపోలేదు. అయితే మనకు ఒక ప్రశ్న మిగులుతుంది. రక్తసంబంధం, విశ్వాససంబంధం ఉన్నచోట తలుపు తెరచినవారిని చూసి సంతోషిస్తాం. ఆ రెండూ లేని బాలాపూర్ గుడిసె ముందు మన సంగతేమిటి?

8. కాపరులకు, విద్యార్థులకు కొన్ని సూచనలు

మొదటిది, మీ సంఘంలో ఎవరు ఎక్కడి నుండి వచ్చారో అడిగి తెలుసుకోండి. కోస్తా జిల్లాలలో పరిచర్య చేసేవారు బర్మా నుండి వచ్చిన కుటుంబాల పెద్దలు ఉండగానే వారి సాక్ష్యాలను వ్రాసిపెట్టండి. ఇంకొన్నేళ్ళకు చెప్పేవారు ఉండరు. రెండవది, సంఘపు పాత బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను భద్రపరచండి. రంగూను వెళ్ళినవారి, తిరిగివచ్చినవారి ఆనవాళ్ళు వాటిలో దొరకవచ్చు. మూడవది, నేడు గల్ఫ్ దేశాలకు వెళ్తున్న మన బిడ్డల ఏజెంట్లలో నాటి మేస్త్రీ పోలికలు ఉన్నాయేమో చూడండి. బయలుదేరకముందే వారిని హెచ్చరించడం కూడా కాపరి పనే. నాల్గవది, శరణార్థులకు సహాయం చేసేటప్పుడు అన్నం పెట్టి మతం అడగకండి. 1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. వారి కొరకు ప్రత్యేకమైన చట్టమూ లేదు. ఇట్టివారికి బడి, ఆసుపత్రి, న్యాయవాది దొరికేలా తోడు వెళ్ళడం బియ్యం మూట ఇవ్వడం కంటే పెద్ద సహాయం.

9. ముగింపు

ఆ సహోదరిని మరుసటి ఆదివారం సాక్ష్యం చెప్పమని కోరాను. ఆమె పది నిమిషాలు మాట్లాడారు. ఓడ దిగిన రోజున రేవులో ఎవరో ముక్కూ మొహం తెలియని స్త్రీ తనకు ఒక అరటిపండు ఇచ్చిందని, యాభై ఏళ్ళు దాటినా ఆ రుచి మరువలేదని చెప్పారు. ఆ తరువాత ఆమె తన కొంగుముడి విప్పి, రోహింగ్యా పిల్లల కొరకని వంద రూపాయలు కానుకపెట్టెలో వేశారు. అంతకుముందు ఆదివారం నా ప్రసంగం విని ఊరకున్న సంఘం, ఆ రోజు ఊరకుండలేదు.

యోసేపును మరచిన రాజు ఐగుప్తులో మాత్రమే పుట్టలేదు. ఏ దేశంలోనైనా, ఏ సంఘంలోనైనా, తాము వచ్చిన దారిని మరచినచోట అతడు పుడతాడు. తాను పరదేశినని ఆరాధనలో ఒప్పుకొనే ప్రజల మధ్య అతనికి చోటు దొరకదు. ఆ ఒప్పుకోలును మన ప్రజలకు నేర్పడం కాపరులమైన మన బాధ్యత.